గేర్ బండా, బ్యాటరీ బండా, థారా? బెజవాడలో ఓపెన్ టాప్ కారు కొనాలనుకునేవాళ్లకి

2025 ఏప్రిల్‌లో బీఎండబ్ల్యూ తన జెడ్4 ఎం40ఐకి ‘ప్యూర్ ఇంపల్స్’ పేరుతో ఒక ప్రత్యేక ఎడిషన్‌ని మన దేశంలో విడుదల చేసింది. రెండు సీట్లు, బటన్ నొక్కితే వెనక్కి మడుచుకునే గుడ్డ టాప్, ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్. ఇవన్నీ అంతకుముందు జెడ్4లోనూ ఉన్నవే. కార్ల పిచ్చి ఉన్నవాళ్లని కదిలించింది మాత్రం గేర్ రాడ్డు. క్లచ్ తొక్కి చేత్తో మార్చుకునే ఆరు స్పీడ్ల గేర్‌బాక్స్ ఇందులో వచ్చింది. అదీ ఆటోమేటిక్ కంటే లక్ష రూపాయలు ఎక్కువకి. మామూలుగా ఆటోమేటిక్‌కి ఎక్కువ కట్టే దేశంలో ఇది తలకిందుల లెక్క.

అప్పటి నుంచి బెజవాడ, గుంటూరుల్లో కార్ల గురించి మాట్లాడుకునేవాళ్లు మూడు ముక్కలయ్యారు. ‘ఇంక ఇలాంటి బండి రాదు, ఎకరం అమ్మైనా కొనాలి’ అనేవాళ్లు ఒకరు. ‘బందరు రోడ్డులో సిగ్నల్ సిగ్నల్‌కీ క్లచ్ తొక్కడానికి కోటి రూపాయలా?’ అని వెక్కిరించేవాళ్లు ఇంకొకరు. మూడోవాళ్లు అసలు మూలానికే వచ్చారు: ‘మన ఎండలో టాప్ తీసేదెప్పుడు స్వామీ?’

మూడోవాళ్లు నవ్వులాటకే అన్నారు గానీ, సరైన ప్రశ్న అడిగింది వాళ్లే. మన ఊళ్లో టాప్ తీసి తిరిగే గంటలు తక్కువ. ఆ కొద్ది గంటలని ఏ బండి బాగా ఇస్తుందో, మిగతా ఏడాదంతా ఏ బండి తలనొప్పి పెట్టకుండా ఉంటుందో చూసి ఎంచుకోవాలి. లిమిటెడ్ ఎడిషన్ అనే ముద్ర ఆ తర్వాత. ముద్రతో పాటు నడిపే తీరు కూడా మారితేనే దానికి డబ్బు పెట్టడం న్యాయం. కొత్త రంగు, డోర్ తెరవగానే కనబడే రేకు బిళ్ల మాత్రమే ఇచ్చే ఎడిషన్ అయితే మామూలు బండి కొని మిగిలినదానితో టైర్లు మార్చుకోవడం మేలని నా లెక్క.

ముందు ఏం చూడాలి

*టాప్ ఎప్పుడు తీస్తాం?*

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా పగటిపూట టాప్ తీయడం గురించి మాట్లాడుకోవడమే దండగ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక తోలు సీటు ఎంత. జూన్ నుంచి అక్టోబరు దాకా వాన ఏ మూల నుంచి వస్తుందో తెలీదు. అక్టోబరు, నవంబరుల్లో తుఫానులు ఉండనే ఉంటాయి. మిగిలేది కార్తీకం చివర నుంచి శివరాత్రి దాకా. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, దాంతో పాటే ఓపెన్ టాప్ సీజనూ పోతుంది. ఈ నెలల్లో కూడా తెల్లవారి ఎనిమిదింటిలోపు, సాయంత్రం ఐదు దాటాక. ఎండాకాలంలో రాత్రి పది దాటాక తిరుగుతామంటే అది వేరే ఆనందం, కాదనను.

అందుకే నేను గుర్రపుశక్తి కంటే ముందు చూసే అంకెలు రెండు: టాప్ మూసుకోవడానికి ఎన్ని సెకన్లు, బండి ఎంత వేగంలో ఉండగా మూసుకుంటుంది. మంగళగిరి దాటి జాతీయ రహదారి మీద వెళ్తుండగా చినుకులు మొదలయ్యాయనుకోండి. వెనక లారీ. పక్కకి ఆపే చోటు కనబడే లోపు సీట్లు తడిసిపోతాయి. 50 కిలోమీటర్ల వేగంలో మూసుకునే టాప్ అయితే ఎడమ లేన్‌లోకి వచ్చి కాస్త నెమ్మదిస్తే సరిపోతుంది. 30 అంటే దాదాపు ఆగినట్టే.

*గాలిలో ఏముంది?*

దీన్ని ఎవరూ బ్రోషర్‌లో రాయరు. ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే థర్మల్ స్టేషన్ బూడిద లారీలు. ఊళ్లోకి వస్తే ఇసుక ట్రాక్టర్లు, ఆటోల పొగ. గుంటూరు వాళ్లకి అదనంగా ఇంకొకటి: ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిర్చి యార్డుకి సరుకు దండిగా వస్తుంది. యార్డు చుట్టుపక్కల, కోల్డ్ స్టోరేజీల దారుల్లో మిర్చి టిక్కీల (బస్తాల) లారీ వెనక పడితే టాప్ లేని బండిలో ఆ ఘాటు నేరుగా ముక్కుకే. మాస్కు పెట్టుకుని స్పోర్ట్స్ కారు నడిపేవాడిని చూసి ఎవరైనా నవ్వితే అతను గుంటూరువాడు కాదన్నమాట.

*బండి ఎంత ఎత్తులో ఉంది?*

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు కార్లు ఎలా పాడయ్యాయో ఊరంతా చూసింది. అంత వరద ప్రతి ఏడాదీ రాదు. కానీ గట్టి వాన ఒక గంట పడితే మోకాటి లోతు నీళ్లు నిలిచే వీధులు మనకి కొత్త కాదు. స్పోర్ట్స్ కార్ల పొట్ట నేలకి దగ్గర. గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్ల స్పీడ్ బ్రేకర్లు కొన్ని కొలతలు లేకుండా పోసినవి. ఇంటి ముందు ర్యాంపు కూడా చూసుకోవాలి. చాలామంది బండి కొన్నాక ర్యాంపు పగలగొట్టి మళ్లీ పోయిస్తారు.

*సర్వీసు ఎక్కడ?*

కంపెనీ సర్వీసు సెంటరు బెజవాడలోనే ఉంటే ఒక లెక్క, హైదరాబాద్ వెళ్లాలంటే ఇంకో లెక్క. ఒకవైపు 270 కిలోమీటర్లకి పైనే. మామూలు సర్వీసుకి బండి పంపేస్తారు. టాప్ మోటారో, సెన్సరో మొరాయిస్తే మాత్రం వారాలు పడుతుంది, ఎందుకంటే ఆ సామాను ఇక్కడ స్టాకులో పెట్టుకునేంత బండ్లు అమ్ముడుపోవు. బుకింగ్ డబ్బు కట్టే ముందు టాప్ రిపేరు ఎక్కడ చేస్తారో సేల్స్ వాళ్లని కాదు, సర్వీసు వాళ్లని అడగండి.

ఒక్క చూపులో

ధరలన్నీ విడుదలప్పటి ఎక్స్ షోరూం. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. పెద్ద పెట్రోల్, డీజిల్ కార్లకి పాత 28 శాతం ప్లస్ సెస్సు పోయి 40 శాతం వచ్చింది, ఎలక్ట్రిక్‌కి 5 శాతమే కొనసాగుతోంది. కాబట్టి కొనేరోజు కొటేషన్ కొత్తగా తీసుకోండి. దాని మీద లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిస్తే ఆన్ రోడ్ ధర చూసి గుండె జారకుండా ముందే సిద్ధపడాలి.

| బండి | సీట్లు | శక్తి (పీఎస్, అంటే గుర్రపుశక్తి) | టాప్‌కి పట్టే సమయం | ఎంత వేగం లోపు (గంటకి) | విడుదలప్పటి ధర |
|---|---|---|---|---|---|
| బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ ప్యూర్ ఇంపల్స్ | 2 | 340 | 10 సెకన్లు | 50 కి.మీ. | ఆటోమేటిక్ 96.90 లక్షలు, గేర్ 97.90 లక్షలు |
| ఎంజీ సైబర్‌స్టర్ (ఎలక్ట్రిక్) | 2 | 510 | 10 సెకన్లు | 50 కి.మీ. | 74.99 లక్షలు |
| మెర్సిడెస్ సీఎల్ఈ 300 క్యాబ్రియోలే | 4 | 258 | 20 సెకన్లు | 60 కి.మీ. | 1.10 కోట్లు |
| మినీ కూపర్ కన్వర్టిబుల్ | 4 (వెనక పిల్లలకి) | 204 | 18 సెకన్లు | 30 కి.మీ. | 58.50 లక్షలు |
| పోర్షే 718 బాక్స్‌టర్ జీటీఎస్ 4.0 | 2 | 400 | 9 సెకన్లు | 50 కి.మీ. | ఇప్పుడు సెకండ్ హ్యాండే |
| మహీంద్రా థార్ సాఫ్ట్ టాప్ (పెట్రోల్) | 4 | 152 | చేత్తో తీయాలి | ఆపాల్సిందే | సెకండ్ హ్యాండ్ |

జెడ్4: గేర్ రాడ్డు కోసమే

ఈ ఎడిషన్‌లో నిజంగా మారినవి కొన్ని ఉన్నాయి. గేర్‌బాక్స్ కోసం సస్పెన్షన్‌నీ స్టీరింగ్‌నీ మళ్లీ సర్దారు. ముందు 19 అంగుళాల చక్రాలు, వెనక 20. మూడు లీటర్ల ఇంజిన్ 500 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలని తిప్పే బలం) ఇస్తుంది. గేర్ బండి సున్నా నుంచి వందకి 4.6 సెకన్లు, ఆటోమేటిక్ 4.5. అంటే ఎక్కువ డబ్బు ఇచ్చి ఒక పిసరు నెమ్మది బండి కొంటున్నారు. గేర్ అభిమానులకి ఇది అర్థమవుతుంది, మిగతావాళ్లకి ఎంత చెప్పినా కాదు. స్టాప్‌వాచ్ కోసం కొనేవాడికి ఆటోమేటిక్ చాలు. మూడో గేరులోంచి రెండుకి దించి, ఇంజిన్ గొంతు ఎత్తినప్పుడు టాప్ లేని బండిలో ఆ మోత నేరుగా చెవికి తగలాలనుకునేవాడికి గేర్ బండి.

మరి ట్రాఫిక్ సంగతి? వెక్కిరించేవాళ్ల మాటలో నిజం ఉంది. రామవరప్పాడు రింగ్ నుంచి బెంజి సర్కిల్ దాకా సాయంత్రం ఆరున్నరకి ఈ బండి నడపడం మోకాలికి పరీక్ష. ఊళ్లో రోజూ ఆఫీసుకి తీసుకెళ్లాలంటే ఇది వద్దు. ఇంట్లో ఇంకో కారు ఉండి, దీన్ని ఆదివారం పొద్దున బయటికి తీసేవాళ్లకి మాత్రమే. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కి దిగి, బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా అమరావతి వైపు వెళ్తే రాజధానిలో వేసిన వెడల్పాటి రోడ్లు పొద్దున్నే ఖాళీగా దొరుకుతాయి. స్పీడ్ గన్ల సంగతి మర్చిపోకండి, గేదెల సంగతి అసలు మర్చిపోకండి.

రంగు విషయంలో ఒక హెచ్చరిక. ఈ ఎడిషన్ రెండు ఆకుపచ్చల్లో వచ్చింది. ఫ్రోజెన్ డీప్ గ్రీన్ మెరుపు లేని మ్యాట్ రంగు, సాన్‌రెమో గ్రీన్ మెరిసే మెటాలిక్. ఫొటోల్లో అందరూ మ్యాట్‌కే పడిపోతారు. మ్యాట్ పెయింట్‌కి పాలిష్ పెట్టకూడదు, గీత పడితే రుద్ది పోగొట్టే వీలు లేదు. మన దుమ్ములో పొద్దున్నే వాచ్‌మన్ పొడి గుడ్డతో ప్రేమగా తుడుస్తాడు. ఆ ప్రేమ చాలు, ఏడాదిలో బండి మీద మెరుపు మచ్చలు తేలడానికి. నేనైతే సాన్‌రెమోనే తీసుకుంటాను.

డిక్కీ 281 లీటర్లు. టాప్ తెరిచినా మూసినా అంతే ఉంటుంది. ఇలాంటి బండ్లలో ఇది అరుదు. ఇద్దరు రెండు రోజులు సూర్యలంక వెళ్లి రావడానికి సరిపడా సామాను పడుతుంది.

ఇంకో కోణం: జెడ్4 ఇక రాదు. ‘ఫైనల్ ఎడిషన్’ పేరుతో కంపెనీ దానికి వీడ్కోలు చెప్పేసింది. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో మాగ్నా స్టైర్ ఫ్యాక్టరీలో దీనితో పాటే తయారైన టొయోటా సుప్రాదీ అదే దారి. ఆరు సిలిండర్లు, గేర్, ఓపెన్ టాప్ మూడూ కలిసిన బండి ఈ ధరలో కంపెనీ వారంటీతో మళ్లీ వస్తుందన్న ఆశ నాకైతే లేదు. ‘ఎకరం అమ్మైనా’ అనేవాళ్ల వాదనలో బలం ఇక్కడే. అయితే ఎకరం అమ్మొద్దు. రాజధాని దగ్గర ఎకరం అయితే బొత్తిగా వద్దు.

సైబర్‌స్టర్: మోత లేని వేగం

అంకెల్లో ఇది అందరినీ కొట్టేస్తుంది. 77 కిలోవాట్ అవర్ బ్యాటరీ, 510 పీఎస్, 725 న్యూటన్ మీటర్లు, సున్నా నుంచి వందకి 3.2 సెకన్లు. తలుపులు కత్తెరలా పైకి లేస్తాయి. 1962లో మొదలైన ఎంజీబీ రోడ్‌స్టర్ పేరు చెప్పి దీన్ని అమ్ముతున్నారు. ఆ పాత బండికీ దీనికీ పేరు తప్ప పోలిక తక్కువ.

అభిమానులకి దీని మీద ఉన్న పెద్ద ఫిర్యాదు మోత లేకపోవడం. ఓపెన్ టాప్‌లో సగం ఆనందం చెవులదే అన్నది వాళ్ల వాదన, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇంకో వైపు చూడండి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంజిన్ వేడి ఉండదు, క్లచ్ గొడవ లేదు, పక్కసీటు మనిషితో అరవకుండా మాట్లాడొచ్చు. కరకట్ట మీద సాయంత్రం నెమ్మదిగా వెళ్తూ పక్షుల కూతలు వినబడే స్పోర్ట్స్ కారు ఇదొక్కటే. దాదాపు రెండు టన్నుల బరువు కాబట్టి మలుపుల్లో జెడ్4 ఇచ్చే చురుకు ఇందులో ఆశించకూడదు.

రేంజ్ 580 కిలోమీటర్లు అని కంపెనీ మాట. అది పరీక్ష గదిలో లెక్క. హైవే వేగం, ఫుల్ ఏసీ పెడితే తగ్గుతుంది. అయినా హైదరాబాద్‌కి ఒకవైపు చేరడానికి టెన్షన్ అక్కర్లేదు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ ఛార్జ్ చేసుకోవాలి. ఇంట్లో 7.4 కిలోవాట్ బాక్సుతో ఖాళీ బ్యాటరీ నిండడానికి పదకొండు గంటల పైనే పడుతుంది. సొంత ఇల్లయితే ఏ ఇబ్బందీ లేదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే మీ మీటరు లోడ్ పెంచడం, సెల్లార్ దాకా వైరు లాగడం, అసోసియేషన్ వాళ్ల చేత ఊ అనిపించడం ఉంటాయి. ఈ మూడోదే కష్టం. సెల్లార్‌లోకి వాన నీళ్లు వచ్చే బిల్డింగ్ అయితే అసలు ఆలోచించొద్దు. అలాంటి సెల్లార్‌లో ఏ కారూ భద్రం కాదు, బ్యాటరీ అడుగున ఉన్న కారు మరీను.

తలుపులు పైకి లేస్తే జనం పోగవుతారు. కొందరికి అదే కావాలి. పార్కింగ్‌లో పై స్లాబు ఎత్తు మాత్రం కొలుచుకోండి.

సీఎల్ఈ క్యాబ్రియోలే: స్పోర్ట్స్ కారు కాదు, అయినా

కార్ల పిచ్చోళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోరు. రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లు, మెత్తటి నడక. వాళ్లన్నది నిజమే, ఇది స్పోర్ట్స్ కారు కాదు. కానీ ఈ జాబితాలో మన ఎండ గురించి కాస్త ఆలోచించి చేసినట్టు అనిపించేది ఇదే. సీట్ల తోలుకి ఎండని వెనక్కి కొట్టే పూత ఉంది, దానివల్ల సీటు వేడి 12 డిగ్రీల దాకా తగ్గుతుందని కంపెనీ అంటుంది. మధ్యలో ఉన్న పెద్ద తెర మీద ఎండ పడి ఏమీ కనబడకపోతే దాన్ని ముందుకీ వెనక్కీ వంచుకోవచ్చు. మెడకి వెచ్చగాలి ఊదే ఏర్పాటు కూడా ఉంది. ధనుర్మాసం పొద్దుటి చలిలో తప్ప దానితో మనకి పని లేదు.

వెనక సీట్లలో పెద్దవాళ్లు కూడా కాసేపు కూర్చోగలరు. భార్య, ఇద్దరు పిల్లలతో టాప్ తీసి వెళ్లాలనుకునేవాళ్లకి కొత్త బండ్లలో నిజంగా ఉన్న దారి ఇది. ఒక ముప్పు చెప్పాలి. నాలుగు సీట్ల ఓపెన్ టాప్ మీ ఇంట్లో ఉందని బంధువులకి తెలిస్తే పెళ్లిళ్ల సీజన్‌లో ఊరేగింపులకి అడుగుతారు. కాదంటే మాట పడతాం, ఔనంటే కారు నిండా బంతిపూల మరకలు, రంగు కాగితాల తుక్కు. కాగితం ముక్కలు టాప్ మడతల్లో ఇరుక్కుంటే వాటిని ఏరడం సర్వీసు వాళ్ల పని కాదు.

మినీ: చిన్న వీధులకి

గుంటూరు అరండల్‌పేటలో, బెజవాడ గవర్నర్‌పేటలో కారు తిప్పి పార్క్ చేసేవాళ్లకి ఈ పొట్టి బండి విలువ తెలుస్తుంది. దీని టాప్‌లో ఒక తెలివి ఉంది: మొత్తం తీయకుండా ముందు భాగం మాత్రం సన్‌రూఫ్‌లా తెరవొచ్చు. మన వాతావరణానికి అదే ఎక్కువ వాడుకలోకి వస్తుంది. కష్టాలూ ఉన్నాయి. టాప్ మొత్తం తెరిస్తే ఆ గుడ్డంతా వెనక అద్దం ముందు మూటలా పేరుకుంటుంది, వెనక వచ్చేవాడు సరిగా కనబడడు. సస్పెన్షన్ గట్టి, డిక్కీ చిన్నది. టాప్ కదలాలంటే 30 కిలోమీటర్లకి దిగాలన్నది పైనే చెప్పాను.

లిమిటెడ్ ఎడిషన్ విషయంలో మినీ చరిత్ర చూడదగ్గది. 2020లో కన్వర్టిబుల్ ‘సైడ్‌వాక్’ ఎడిషన్ దేశం మొత్తానికి 15 బండ్లే అన్నారు, ధర 44.90 లక్షలు. రంగు, టాప్ మీద నేత, లోపలి తోలు ప్రత్యేకం. ఇంజిన్ మాత్రం మామూలు బండిదే. పదిహేనులో ఒకటి మన దగ్గర ఉందన్న సంతోషం ఉంటే ఉండొచ్చు. నడిపేటప్పుడు తేడా సున్నా.

పాత బాక్స్‌టర్

పెట్రోల్‌తో నడిచే పోర్షే 718 బాక్స్‌టర్ తయారీ 2025లో ఆగిపోయింది. కాబట్టి దొరికేది సెకండ్ హ్యాండే, అదీ ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, ముంబై నుంచి. నడిపే ఆనందం ఒక్కటే కొలమానం అయితే ఈ జాబితాలో మొదటి పేరు దీనిదే. ఇంజిన్ మధ్యలో ఉంటుంది కాబట్టి బరువు సమంగా పడుతుంది, ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ. అదే ఇంజిన్ మధ్యలో ఉండడం వల్ల బానెట్ ఎత్తి చూసే వీలు లేదు. ఆటోనగర్‌లో ఎంత పేరున్న మెకానిక్ అయినా దీన్ని ముట్టుకోవడానికి జంకుతాడు, జంకాలి కూడా.

ఇందులో 2021లో ‘25 ఇయర్స్’ ఎడిషన్ వచ్చింది, ప్రపంచం మొత్తానికి 1,250. 1993 నాటి నమూనా కారుని గుర్తు చేసే వెండి రంగు, రాగి ఛాయ మెరుపులు, ఎర్ర టాప్. అడుగున ఉన్నది జీటీఎస్ 4.0. అందం బాగుంది, కానీ అదే ఇంజిన్‌తో మామూలు జీటీఎస్ తక్కువకి దొరికితే నా ఓటు దానికే.

వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు. ఇవి కలిపాకే బేరం మంచిదో కాదో తెలిసేది.

థార్: నవ్వకండి

2020 అక్టోబరు 2న వచ్చిన రెండో తరం థార్‌లో సాఫ్ట్ టాప్ రకం ఉండేది. స్పోర్ట్స్ కార్ల వాళ్లకి ఇది జీపు. నిజమే. కానీ పైన చెప్పిన కొలమానాల్లో నీళ్లు, స్పీడ్ బ్రేకర్లు, సర్వీసు మూడింట్లో ఇది అందరికంటే ముందుంటుంది. టాప్ తీయడానికి ఇద్దరు మనుషులు, కాస్త ఓపిక కావాలి. మూసి ఉన్నప్పుడు హైవే మీద గాలి మోత గట్టిగానే ఉంటుంది. ‘ఓపెన్ టాప్ నాకు నిజంగా ఇష్టమా, లేక ఫొటోల్లోనే ఇష్టమా?’ అని తేల్చుకోవడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు. ఒక చలికాలం తిప్పి, వద్దనుకుంటే అమ్మేయొచ్చు. కోటి రూపాయల బండితో ఈ ప్రయోగం చేయలేం.

అద్దమే లేని బండ్లూ, నంబర్ల మోజూ

లిమిటెడ్ ఎడిషన్ ఓపెన్ టాప్ అంటే ప్రపంచంలో గట్టి అభిమానులు మాట్లాడుకునేది వేరే అంతస్తు. 2018లో ఫెరారీ తెచ్చిన మోంజా ఎస్‌పీ1, ఎస్‌పీ2లకి ముందు అద్దం ఉండదు, రెండూ కలిపి 499. మెర్సిడెస్ ఏఎంజీ ప్యూర్‌స్పీడ్ 250 మాత్రమే, దానికీ అద్దం లేదు, హెల్మెట్లు బండితోనే ఇస్తారు. వీటిని చూసి సగం మంది కళ అంటారు, సగం మంది ధనవంతుల ఆటబొమ్మ అంటారు. తొలకరి రోజుల్లో చీకటి పడ్డాక బ్యారేజీ మీద బైకు నడిపినవాడికి ఏ వాదనా అక్కర్లేదు. ఉసిళ్లు ముఖానికి కొడుతుంటే కళ ఎంతసేపు నిలుస్తుందో అతనికి తెలుసు.

నంబరుకి అర్థం ఉండేలా చేసినవీ కొన్ని ఉన్నాయి. 2019 నాటి పోర్షే 911 స్పీడ్‌స్టర్ 1,948 చేశారు, మొదటి పోర్షే రోడ్డెక్కిన 1948కి గుర్తుగా. అది గేర్ బండిగా మాత్రమే వచ్చింది, టాప్ చేత్తో వేసుకోవాలి, ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. ఇక్కడ ఎడిషన్ అంటే బండే వేరు. జెడ్4 గేర్ బండిని నేను సైడ్‌వాక్ వైపు కాక ఈ వైపు పెట్టడానికి కారణం అదే, స్థాయిలో ఎంత దూరమున్నా.

ఇక ‘లిమిటెడ్ కాబట్టి రేటు పెరుగుతుంది’ అనే మాట. మన దగ్గర ఈ బండ్ల కొనుగోలుదారులు గుప్పెడు మంది. అమ్మాలంటే హైదరాబాదో బెంగళూరో వెతుక్కోవాలి. ఏపీ నంబరు బండి అక్కడివాడు కొంటే ఎన్‌ఓసీ, అక్కడి పన్ను అన్నీ లెక్కేసి మీ రేటులోంచే కోస్తాడు. పెట్టుబడిగా చూసేవాళ్లు స్థలం కొనుక్కోండి.

అయితే ఎవరికి ఏది?

ఇంట్లో ఇంకో కారు ఉండి, గేర్ మార్చడం మీకు పని కాక సరదా అయితే జెడ్4 గేర్ బండి. ఆలస్యం చేస్తే మిగిలేది సెకండ్ హ్యాండే. రోజూ ఊళ్లో తిప్పాలి, సొంత ఇంట్లో ఛార్జర్ పెట్టుకోగలరు, పది మంది చూడాలనే కోరిక దాచుకోనక్కర్లేదు అనుకుంటే సైబర్‌స్టర్. పిల్లల్ని వదిలి వెళ్లే మనసు రాదనుకునేవాళ్లు సీఎల్ఈ. అంత బడ్జెట్ లేక, కొత్తదీ వారంటీతో కావాలనుకునే చిన్న కుటుంబానికి మినీ. హైదరాబాద్‌లో నమ్మకమైన సర్వీసు పరిచయం ఉన్న అనుభవజ్ఞుడికి బాక్స్‌టర్, మొదటిసారి కొనేవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు. గుంటూరు జిల్లా పల్లెల్లో ఇల్లు, చివరి కిలోమీటరు మట్టిరోడ్డు అయితే థార్ తప్ప మిగతావన్నీ వాకిట్లో బొమ్మలే.

జెడ్4, సైబర్‌స్టర్‌ల మధ్య తేల్చుకోలేక సతమతమయ్యేవాళ్లే ఎక్కువ కనబడుతున్నారు. వాళ్లకి నా సలహా: ముందు మీ పార్కింగ్ చూడండి, మీ మనసుని తర్వాత. సెల్లార్, అసోసియేషన్ గొడవ ఉంటే ప్రశ్న అక్కడే అయిపోయింది.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేటప్పుడు

షోరూం వాళ్లు పొద్దున పదింటికి ఏసీ గదిలోంచి తీసిన బండి ఇస్తారు. మీరు మధ్యాహ్నం మూడింటికి, కాసేపు ఎండలో నిలబెట్టిన బండి ఇమ్మనండి. టాప్ మూసి ఏసీ పెట్టి ఎంతసేపటికి చల్లబడుతుందో చూడండి, తర్వాత తీసి సీటు మీద కూర్చోండి. టాప్‌ని కదిలే బండిలో తెరిచి మూయించండి. స్పీడ్ బ్రేకర్ ఒకటి మీ వీధిలోదే దాటించండి, వాళ్లు చూపించిన దారిలోది కాదు. పొడుగ్గా ఉండేవాళ్లు టాప్ మూసి తల తగులుతుందో లేదో చూసుకోవాలి.

టాప్ అంచుల్లో నీళ్లు పోయే సన్న రంధ్రాలు ఎక్కడున్నాయో చూపించమనండి. మన వీధుల్లో వేపచెట్టు కింద బండి పెడితే పూత, ఆకులు వాటిలో నిండి వాన నీళ్లు లోపలికి తిరుగుతాయి. వేసవి దాటగానే వాటిని శుభ్రం చేయించాలి. గుడ్డ టాప్ మీద ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టనివ్వకండి. కోతులు తిరిగే కొండ గుళ్ల దగ్గర గుడ్డ టాప్ బండిని వదిలి వెళ్లకండి.

ఇన్సూరెన్సులో జీరో డిప్రిసియేషన్ (పాతబడిందని సామాను విలువ కోయకుండా కట్టే కవర్) ఉందా, టాప్ గుడ్డకీ దాని మోటారుకీ అది వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. నీళ్లలో మునిగితే ఇంజిన్‌కి, ఎలక్ట్రిక్ అయితే బ్యాటరీకి కవర్ విడిగా తీసుకోవాలి. లిమిటెడ్ ఎడిషన్ అయితే ఇన్వాయిస్ మీదా, పాలసీ మీదా ఎడిషన్ పేరు పూర్తిగా పడేలా చూసుకోండి. ఉత్త ‘జెడ్4 ఎం40ఐ’ అని రాస్తే రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు మామూలు బండి విలువే కడతామంటారు.